నేను గీసిన నలభై గీతలు

సార్ పోయిండన్న కబురు నాకు సార్ ఫోన్‌లకెళ్లే వచ్చింది. మంగళారం పొద్దుగాల ఆఫీసు మెట్లెక్కుతుంటె ఫోన్ మోగింది. చూస్తే తెర మీద 'సార్' అని పేరు. రెండేండ్లాయె ఆ నంబర్‌కెళ్లి నాకు ఒక్క ఫోన్ రాక. ఎత్తితె సార్ కాదు, ఆయన ఇంటామె. "మీ సార్ పోయిండు బిడ్డా. పొద్దుగాల ఆరింటికి" అన్నది. గొంతుల ఏడుపు లేదు. "జర తొందరగ చెప్పి పెట్టేస్త. ఇంకా మస్తుమందికి చెప్పాలె. గీ ఫోన్ మూసుకుంటె మళ్ల తెరుసుకోదు" అన్నది.

అదేందో నాకు తర్వాత తెలిసింది. ఆ ఫోన్ సార్ బొటనవేలు పెడితెనే తెరుసుకుంటది. ఆయన సోయి తప్పినంక, పానం ఉండంగనే, ఆ వేలు పట్టుకొని దాని మీద ఒత్తి తెరిచి పెట్టుకున్నదట ఆమె. చుట్టాల నంబర్లు, దోస్తుల నంబర్లు అన్నీ అండ్లనే ఉన్నయి, ఏ కాయిదం మీద రాసి లెవ్వు. తెర ఆరిపోకుంట వేలుతోని గోకుకుంట, ఒక్కొక్కరికి చేసుకుంట పోయింది. ఆ వరుసల నా పేరు సుత ఉన్నది. సార్ నా నంబర్ తీసెయ్యలేదని తెలిసినంక సంతోషపడాలెనో భయపడాలెనో నాకు సమజ్ కాలే.

పోయినోళ్ల గురించి మంచే రాయాలంటరు. సార్ గురించి అచ్చంగ మంచే రాస్తె ఆయన లేసొచ్చి కాయిదం చింపేస్తడు. ఆయన నోరు మంచిది కాదు. కొత్తగ నౌకర్ల చేరినోళ్లు ఆయన మాటలకు బాత్రూంల పోయి ఏడ్సి, మొఖం కడుక్కొని వచ్చెటోళ్లు. వాళ్లల్ల నేనొకదాన్ని. ఇయ్యాల నాకు చేతనైన పని ఏదన్న ఉన్నదంటె అది ఆయన పెట్టిన భిక్షే. గీ రెండు మాటలూ నిజమే, ఏ ఒక్కటి సుత తక్కువ చేసి చదువకుండ్రి.

మాది కరీంనగర్‌ల చిన్న కంపెనీ. బొగ్గు గనుల లోపట గాలి ఎట్లున్నదో కొలిచే పెట్టెలు తయారు చేస్తం. విషపు గ్యాస్ పెరిగితె ఆ పెట్టె కూతవెడ్తది. పెట్టె లోపట ఒక చిన్న కంప్యూటర్, దానికి గుచ్చిన కార్డులు. కార్డు పాడైతె పెట్టెను బంద్ చెయ్యకుంటనే పీకి కొత్తది గుచ్చాలె. పెట్టె బంద్ అయితె గాలి సంగతి ఎవలకూ తెల్వది. గా పీకే గడియల పెట్టె ఆగిపోకుంట చూసుడే మా పని.

చెప్పినంత అల్కగ కాదు. కంప్యూటర్ లోపట అన్నిటికీ పెద్ద, కెర్నెల్ అనే అసలు ప్రోగ్రాం. కార్డు గుచ్చంగనే మేము రాసిన డ్రైవర్, అంటె కార్డును నడిపించే ప్రోగ్రాం, కెర్నెల్‌ను అడిగి కార్డు కోసం కొంత మెమరీ తీసుకుంటది. కార్డు పిలిస్తె పలికేటందుకు ఒక తొవ్వ తీసుకుంటది, దాన్నే మేము ఇంటరప్ట్ అంటం. వచ్చిన పిలుపుల పని చేసిపెట్టేటందుకు లోపట ఒక చిన్న ప్రోగ్రాంను కూసోబెడ్తది. కార్డు పీకంగనే ఇవన్నీ వాపస్ ఇయ్యాలె. ఇయ్యకపోతె మెమరీ వట్టిగ పోతది. వరుస తప్పి ఇస్తె ఇంకా ఘోరం. మెమరీ ముందుగాల ఇచ్చేసి పిలుపులను వెనక బంద్ చేసినవనుకో, ఆ నడుమ కార్డు ఒక్కపారి పిలిచినా చాలు, కెర్నెల్ తనది కాని జాగల కాలు పెడ్తది. పెట్టె మొత్తం కూలుతది.

"తీసుకున్న వరుసకు ఉల్టా వరుసల ఇయ్యాలె" అంటుండె సార్. ఆయన బతుకే గట్లుంటుండె. పొద్దుగాల వచ్చినప్పుడు ముందు సంచి పెట్టి, తర్వాత టోపీ తీసి, ఆఖరుకు కండ్లద్దాలు మార్చుకునేటోడు. పోయేటప్పుడు ముందు అద్దాలు, తర్వాత టోపీ, ఆఖరుకు సంచి. ఎవలదన్న పెన్ను అడిగి తీసుకుంటె ఆ మనిషి మూడో అంతస్తుల ఉన్నా సరే, మెట్లెక్కి పోయి చేతికే ఇచ్చొచ్చేటోడు. బల్ల మీద పెట్టి రాకపోయేది. మేము వెనకకెళ్లి నవ్వుకునేటోళ్లం.

సార్ వాళ్లది సాంచాల ఇల్లు. సాంచాలంటె కరెంటు మగ్గాలు. ఆయన బాపుకు కుడిచేతికి రెండు వేళ్లు లెవ్వట. భీమును, అంటె పడుగు దారం చుట్టిన బరువు రోలును, దించుదామని మోటర్ బంద్ చేసి, చేసిన వెంటనే చెయ్యి పెట్టిండట. మోటర్ బంద్ అయింది గని చక్రం ఇంకా తిరుగుతనే ఉన్నది. సార్ ఆ సంగతి చెప్పినప్పుడల్లా తన రెండు వేళ్లు లోపటికి మలిచి మా మొఖం ముంగట పెడ్తుండె. "బంద్ చేసుడు వేరు, ఆగుడు వేరు" అంటుండె. "ఇంటరప్ట్ బంద్ చేసినవా, మంచిది. అంతకుముందే వచ్చిన పిలుపుకు లోపట పని నడుస్తున్నదేమో చూసినవా? అది ఆగిందాంక నిలవడు. అప్పుడు మెమరీ ఇడువు."

కొత్త డ్రైవర్ రాస్తె నూరుసార్లు పీకాలె. నడుస్తున్న పెట్టెకెళ్లి కార్డు పీకుడు, గుచ్చుడు. పీకినప్పుడల్లా పొడుగు రిజిస్టర్ల ఒక నిలువు గీత. "మిషన్‌తోని పీకించొచ్చు గదా సార్" అని ఒకసారి అడిగిన.

"గనిల పీకేది ఎవరు, మిషనా?" అన్నడు. "మనిషి చెయ్యి ఒక్కోసారి ఒక్కోతీరు పీకుతది. జర పీకి మళ్ల గుచ్చుతది. వంకర పీకుతది. తుమ్మొస్తె సగంల ఆపుతది. చెయ్యితోనే పీకు."

నూరు గీతలు అయినంక కింద సార్ సంతకం. ఆ సంతకం పడందే పెట్టె బయటికి పోకపోయేది.

పీకంగ పెట్టె కూలిందనుకోండ్రి, సార్ తిట్టకపోయేది. ఆయన బల్ల మీద నిర్మల్‌కెళ్లి తెచ్చిన కొయ్య మామిడిపండు ఒకటి ఉంటుండె, రంగు చూస్తె నిజం పండే అనుకోవాలె. దాన్ని తెచ్చి మన కీబోర్డ్ మీద పెట్టి "తిను తల్లీ" అనేటోడు. ఆ డ్రైవర్ సక్కగైందాంక అది మన బల్ల మీదనే. చాయ్ తెచ్చే ఆమె సుత చూసి మూతి తిప్పుకునేది. మొదటి ఏడాదిల ఎనిమిది వారాలు అది నా బల్ల మీదనే కూసున్నది. నా డ్రైవర్ మొదటిసారి నూరూ దాటినప్పుడు సార్ "ఊ" అన్నడు, గంతే. మామిడిపండును చేతిరుమాలుతోని తుడిచి తీసుకపోయిండు. గా ఒక్క "ఊ" కు నేను నస్పూర్‌ల ఉన్న మా బాపుకు ఫోన్ చేసి చెప్పుకున్న. మా బాపు గనిల బొగ్గు తీసే మనిషి. ఆయనకేం సమజైందో గని "సాబాసు బిడ్డా" అన్నడు.

తర్వాత సార్‌కు కిడ్నీలు పోయినయి. వారానికి మూడు దినాలు డయాలసిస్. మిగిలిన దినాలు మొఖం ఉబ్బి, చేతికి పట్టీ కట్టుకొని, ఆఫీసుకు వస్తనే ఉండె. గట్లాంటి ఒకనాడే నా ఇంకో డ్రైవర్ పరీక్షకు వచ్చింది. సార్ నా పక్కన కూసొని ఆయనే పీకిండు, ఆయనే గీతలు గీసిండు. అర్వయ్యో గీత కాడ ఒళ్లంత చెమట వట్టింది. రిజిస్టర్ కింద సంతకం పెట్టి నా దిక్కు జరిపిండు. "మిగిలిన నలభై నువ్వు పీకు. నడుమ ఎక్కడన్న కూలిందనుకో, నా సంతకం కొట్టెయ్యి" అని ఇంటికి పోయిండు. ఆయన జిందగిల ముందుగాల సంతకం పెట్టుడు అదొక్కసారే. నన్ను నమ్మిండు.

నేను ఒక్కసారి సుత పీకలే. కింద పెట్టెను తీసుకపోయే వ్యాను హారన్ కొడ్తున్నది. పెట్టె ఏ గనికి పోతదో కాయిదం తీసి చూసిన. మా బాపు దిగే గని కాదు. అది చూసినంకనే పెన్ను తీసి నలభై గీతలు గీసిన. అన్నీ ఒక్కతీరుగ ఉంటె అనుమానమొస్తదని కొన్ని వంకరగ సుత గీసిన. గీ ముచ్చట చదివి మీరు నన్ను తిట్టుకుంటరు కావచ్చు, తిట్టుకోండ్రి.

వారం తిరక్కముందే ఆ గనిల కార్డు పీకిన్రు. పెట్టె కూలినా మంచిగుంటుండె, అందరికీ తెలుస్తుండె. అది బిగుసుకుపోయింది. తెర మీద పాత అంకె అట్లనే నిలవడి, గాలి మంచిగున్నదని చూపెట్టుకుంటనే ఉన్నది. లోపట గ్యాస్ పెరిగి ఇద్దరు కండ్లు తిరిగి పడ్డరు. పక్కనోళ్లు మోసుకొని బయటికి తెచ్చిన్రు. బతికిన్రు. నా తప్పు ఏందంటె, ఇంటరప్ట్ బంద్ చేసిన గని లోపట నడుస్తున్న పని ఆగిందాంక నిలవడలే. సార్ వాళ్ల బాపు చేసిన తప్పే. ఆయన తన వేళ్లు పోగొట్టుకున్నడు, నేను వేరేటోళ్ల పానం మీదికి తెచ్చిన. తర్వాత నేనొక్కదాన్నే కూసొని ఆ డ్రైవర్‌ను పీకి చూసిన. డెబ్బై ఒకటో సారికి బిగుసుకున్నది. నేను గీసిన గీతలల్ల అది పదకొండోది.

ఆ ఆదివారం చర్చికెళ్లి వచ్చి నస్పూర్‌ల మా క్వార్టర్ల అన్నం తింటున్నం. గనులల్ల అంతట అదే ముచ్చట. "ఆ డబ్బ చేసినోని చేతులిరుగ" అన్నడు బాపు. "ఏసీల కూసొని ఏం చేస్తున్నరో వానికే తెల్వది. ఇద్దరి పెండ్లాలు ముండమోస్తుండె." అవ్వ "అన్నం కాడ గా మాటలెందుకయ్యా" అన్నది. నేను ఇంకింత పప్పు ఏసుకున్న.

సోమారం కంపెనీ యజమాని అందర్నీ పిలిచి రిజిస్టర్ తెరిచిండు. "ఎవరి సంతకం ఇది?" అన్నడు. సార్ వంగి గీతల దిక్కు చూసిండు. అర్వై దాంక పొట్టిగున్నయి, ఆ తర్వాతివి పొడుగు. కొంచెంసేపు చూసిండు. నా దిక్కు మాత్రం చూడలే. "నాదే" అన్నడు.

నేను నోరు తెరువలే. భయపడ్డదని మీరనుకోవచ్చు. భయం కాదు. 'ఎట్లనూ ముసలోడే, ఎట్లనూ రోగమే' అన్నది నా మనసు. అంత పచ్చిగ అన్నది.

సార్‌ను తీసెయ్యాలన్నరు. సిస్టం పనులన్నీ నా చేతుల ఉండె కాబట్టి యజమాని నాకే ఒక చిట్టీ ఇచ్చిండు. లాగిన్, మెయిల్, కంపెనీ ఇచ్చిన హెల్త్ కార్డు, అన్నీ బంద్ చెయ్యాలె. "సార్‌కు నేను సాయంత్రం చెప్త" అన్నడు. ముందు చెప్పుడా, ముందు బంద్ చేసుడా అని నేను అడగలే. తొందరగ వదిలించుకుందామని పొద్దుగాల పదింటికే అన్నీ బంద్ చేసిన. ఆ దినం సార్‌ది డయాలసిస్ దినం.

పదకొండింటికి నా ఫోన్ మోగింది. "దవాఖాన కౌంటర్ కాడ ఉన్న తల్లీ. నా కార్డు ఎందుకో నడుస్తలేదంటున్నరు. జర చూడు" అన్నడు. వెనక ఎవరో పేర్లు పిలుస్తున్న చప్పుడు.

"సాయంత్రం బాస్ మీతోని మాట్లాడుతడట సార్" అన్న.

సార్ నవ్విండు. నేను ఆయన నవ్వు విన్నది తక్కువ. "మెమరీ ముందుగాల ఇడిశినవు" అన్నడు. "పిలుపు బంద్ కాలే. నేను ఇంకా పిలుస్తనే ఉన్న సూడు. వరుస తప్పినవు తల్లీ." ఫోన్ పెట్టేసిండు. ఆ నంబర్‌కెళ్లి నాకు వచ్చిన ఆఖరు ఫోన్ అదే, ఆయన పోయిన మంగళారం దాంక.

ఆ దినం ఆయన డయాలసిస్ కాకుంటనే ఇంటికి పోయిండు. రెండు దినాలకు సర్కారు దవాఖానల పేరు రాయించుకున్నడని తెలిసింది. సామాన్లు తీసుకపోనీకె ఆఫీసుకు వచ్చినప్పుడు అందరితోని మాట్లాడిండు, చాయ్ తెచ్చే ఆమెతోని సుత. పోయేముందు కొయ్య మామిడిపండు తెచ్చి నా కీబోర్డ్ మీద పెట్టిండు. ఈసారి తినుమని అనలే. ముందు అద్దాలు, తర్వాత టోపీ, ఆఖరుకు సంచి.

ఆరు నెలలు ఓపిక పట్టి, ఒక ఆదివారం వాళ్లింటికి పోయిన. మా చర్చిల ఒప్పుకుంటె బరువు దిగుతదంటరు. నాకు ఆ బరువు దించుకోవాలెనని ఉండె. సార్ మంచంల ఒరిగి ఉన్నడు, సగమైండు. ఆయన ఇంటామె నాకు పెద్ద గ్లాసుల సల్లటి నీళ్లు తెచ్చి లోపటికి పోయింది. డయాలసిస్ మనిషికి దినానికి ఇన్ని నీళ్లే అని కొలత ఉంటది. సార్ కండ్లు నా గ్లాసు మీదనే ఉన్నయి. నేను కింద పెట్టబోతె "తాగు" అన్నడు. "మొత్తం తాగు. నేను సూస్త." తాగిన. ఒక్కో గుటక మింగుతుంటె ఆయన గొంతు సుత కదిలింది.

"సార్, ఆ రిజిస్టర్..." అన్న.

"చెప్పకు."

"సార్, నేను..."

"తెలుసు. అర్వయ్యొకటో గీత కాడ్నే తెలిసింది. చెప్తె నీకు అల్కగైతది. నాకేమొస్తది?" అన్నడు. గొంతు పెంచలే, మెల్లగనే అన్నడు. "ఉంచుకో."

"మాఫ్ చెయ్యుండ్రి సార్."

"ఏ గనికి పోతదో ముందుగాల చూసినవా?"

ఖాళీ గ్లాసును కింద పెట్టిన.

"చూసే ఉంటవు" అన్నడు. "మీ బాపు గని అయితె నూటొక్కసారి పీకేదానివి."

ఏడ్సిన. ఆయన ఏడువనిచ్చిండు, ఊకోమనలే. చాలాసేపటికి "డ్రైవర్ సక్కగ చేసినవా?" అన్నడు. చేసిన సార్, నూరుసార్లు పీకిన అన్న. "ఇంకో నూరు పీకు" అన్నడు. అటు దిక్కు మర్లి పండుకున్నడు. సార్ నాతోని మాట్లాడిన ఆఖరు మాట అది. ఇంకో నూరు పీకిన. ఇప్పటికీ మా ఆఫీసుల ప్రతి డ్రైవర్‌ను నేనే రెండు నూర్లు పీకి చూస్త. కొయ్య మామిడిపండు నా బల్ల మీదనే ఉన్నది, ఇంకెవల బల్ల మీదికీ పంపలే.

తీసుకున్నదల్లా వాపస్ ఇయ్యాలని అందరికీ నేర్పిన మనిషి, నేను ఇయ్యబోతె తీసుకోలే. నాకు కోపమొచ్చింది, ఇప్పటికీ ఉన్నది. ఆయన చేసింది న్యాయమే అన్నది సుత నాకు ఎరుకే. సార్ వద్దన్న పని ఇయ్యాల మీ ముంగట చేస్తున్న. రాస్తె అల్కగైతదనుకున్న. ఐతలేదు.

సార్ దినాలు చేసినంక మళ్ల వాళ్లింటికి పోయిన. సార్ బట్టలు ఎవలకో ఇచ్చేసిన్రు. మందుల డబ్బలు పారేసిన్రు. మంచం సుత ఇచ్చేసిన్రు. గచ్చు మీద దాని కోళ్ల గుర్తులు నాలుగు మిగిలినయి. గోడకున్న అల్మరల సార్ ఫోన్ ఒక్కటే ఉన్నది. సార్ ఇంటామెను నేను అమ్మ అనే అంట. అమ్మ నన్ను సాప మీద కూసోబెట్టింది.

"ఒక్క సంగతి నాకిప్పటికీ మనసుకు వడ్తలేదు బిడ్డా" అన్నది. "మీ సార్ అడిగి తెచ్చిన పెన్ను సుత తిరిగి ఇచ్చేదాంక నిద్రపోని మనిషి. గసొంటి మనిషి చూడకుంట సంతకం పెట్టిండంటె ఎట్ల నమ్మాలె? ఆ గనిల పడ్డ ఇద్దరి పేర్లు అడిగి తెలుసుకొని, దినాం దండం పెట్టుకునేది నేను. ఆయన తప్పు నేనన్న కడుగుదామని."

అప్పుడు నాకు సమజైంది. సార్ ఇంట్ల సుత చెప్పలే. కట్టుకున్న ఆమె ముంగట సుత నా తప్పు ఆయనే మోసిండు. మాఫ్ చెయ్యనన్నడు, పట్టిచ్చుడు మాత్రం చెయ్యలే. ఇగ ఆగొద్దనుకున్న. సాప మీద ముందుకు జరిగి ఆమె చెయ్యి పట్టుకున్న.

"అమ్మా, ఆ సంతకం..." అన్న.

అల్మరల ఫోన్ మోగింది. పన్నెండైంది. మందుల యాల్లకు సార్ పెట్టుకున్న అలారం.

అమ్మ నా చెయ్యి ఇడిపించుకొని లేసింది. "ఇది దినాం గిట్లనే మొత్తుకుంటది" అన్నది. "వేలు పెడితెనే ఆగేటట్టు పెట్టుకున్నడు మీ సార్. బంద్ చేద్దామంటె ఆయన వేలు అడుగుతది. ఫోనే బంద్ చేద్దామంటె మా బిడ్డ గీ నంబర్‌కే చేస్తది." చెప్పుకుంటనే వంటింట్లకు పోయింది. అలారం మోగుతనే ఉన్నది. నేను పోయి ఫోన్ చేతిల పట్టుకున్న. వేలు పెట్టుమని చూపెడుతున్నది. మా ఆఫీసుల సిస్టం పనులన్నీ నాకే వచ్చునంటరు.

అమ్మ చిన్న గ్లాసుల సగం నీళ్లు పట్టుకొని వచ్చింది. ఆయన కొలత అది. నాలుగు గుర్తుల కాడికి వచ్చి వంగి, చెయ్యి సాపి, అట్లనే నిలవడ్డది. కొంచెంసేపటికి గ్లాసును గచ్చు మీద పెట్టి, పైట కొంగుతోని చెయ్యి తుడుసుకున్నది.

"ఏదో అంటుంటివి బిడ్డా" అన్నది. "ఏం సంతకం?"

"ఏం లేదమ్మా" అన్న.

ఫోన్ ఇంకా నా చేతిల మోగుతనే ఉన్నది. కోళ్ల గుర్తుల నడుమ సగం గ్లాసు నీళ్లు.